చెల్లని కాసుల ద్వీపములు



ఎందునకును పనికిరాని మనిషి ప్రస్తావన వచ్చినప్పుడు ‘వాడొక చెల్లని కాసు’ అని మన పెద్దలు ఒక్కమాటలో తేల్చివేయుచుందురు. అట్టి చెల్లని కాసులను, కాసులు గూడ కావు, కాగితములను, ఏ దుకాణమునందును ఒక్క అగ్గిపెట్టెకైన మారకుండునట్లు పుట్టుకనాడే నొసట వ్రాయించుకొని వచ్చిన నోట్లను, ముప్పది యేండ్లుగా పోగుచేయుచు, వానికొరకు చెల్లెడి రూపాయలను మంచినీళ్లవలె వెచ్చించుచున్నవాడను నేను. ఈ వ్యసనము మా యింట నాకెంతటి గౌరవమును సంపాదించిపెట్టినదో మీరే ఊహించుకొనవచ్చును. రేడియోలో బొమ్మ చూపుటకు వీలు లేదు గనుక ఈ పదునైదు నిమిషములును నోటిమాటతోనే నోట్లను చూపవలసియున్నది. మీరు కొంచెము ఓపికపట్టి కన్నులు మూసికొని వినినచో నా పని సులువగును.

నేను సేకరించునవి నమూనా నోట్లు. అందును, ఒకనాడు బ్రిటిషు కిరీటము నీడలో నుండి, పిమ్మట కామన్వెల్తు కూటమిలో స్వతంత్రముగా తలయెత్తిన ద్వీపదేశముల నమూనాలు మాత్రమే. మారిషస్, సింహళము, ఫిజీ, మాల్టా, జమైకా, బహామా దీవులు, టోంగా, సేషెల్స్, సొలొమన్ దీవులు: భూగోళపటమున ఈగ వ్రాలినంత చోటు గూడ ఆక్రమింపని ఈ దేశములు నా బీరువాలో మూడు అరలు ఆక్రమించియున్నవి.

నమూనా నోటనగా నేమో ముందుగా చెప్పవలెను. ఒక ప్రభుత్వము గాని బ్యాంకు గాని క్రొత్త నోటును ప్రజలలోనికి విడుదల చేయునప్పుడు, దాని రూపురేఖలు ఇట్టివని ముందుగనే తెలిసియుండవలసిన వారు కొందరుందురు: ఖజానా ఉద్యోగులు, ఇతర బ్యాంకులవారు, పరదేశపు మారకపు వ్యాపారులు, దొంగనోట్లను పట్టవలసిన పోలీసులు. ఫిజీలోని సువా పట్టణములో నేడు వెలువడిన పౌను నోటును కొలంబోలో గల్లాపెట్టె ముందు కూర్చున్న గుమాస్తా ఏనాడును కనియుండడు; రేపు ఒక నావికుడు దానిని తెచ్చి బల్లపై పెట్టినచో అది అసలో నకిలీయో అతడెట్లు చెప్పగలడు? అందువలన ముద్రాపకులు అదే కాగితముపై, అదే సిరాతో, అదే చెక్కడపు పలకతో కొన్ని నోట్లను వేరుగా అచ్చువేసి, క్రమసంఖ్య యుండవలసిన చోట వరుసగా సున్నలు నింపి, అడ్డముగా ఎఱ్ఱని పెద్ద అక్షరములతో ‘స్పెసిమెన్’ అని ముద్రించి, అప్పటికిని తృప్తిపడక సంతకముపై ఒకటి రెండు చిల్లులు పొడిచి, అట్టివానిని ఆయా కచేరీలకు పంపుచుండిరి. వచ్చిన నోటును దీని ప్రక్కన పెట్టి పోల్చిచూచుట గుమాస్తా పని. ఒరగల్లు బంగారము కాదు; కాని బంగారమేదో చెప్పునది అదియే గదా. నమూనా నోటు చేయు ఉద్యోగమును అంతియే.

ఇప్పుడు నా యెదుట బల్లమీద అట్టిది ఒకటి యున్నది. బొటనవ్రేలి కొనతో మెల్లగా రాచినచో ఎలిజబెత్ రాణిగారి కిరీటము కడ సిరా గరుకుగా తగులుచున్నది. లోహపు పలకలో లోతుగా చెక్కిన గీతలలో సిరా నింపి, బరువైన యంత్రముతో కాగితమును దానిపై అదిమినప్పుడు కలుగు ఉబ్బు అది. చెలామణియైన నోటులో ఈ గరుకుదనము కొలదినాళ్లలోనే అరిగిపోవును. ఇది ఏ చెమటచేతిని ఎరుగదు, ఏ కొంగుముడిలోను నలుగలేదు. వెనుకకు త్రిప్పినచో చిల్లులు పొడిచిన చోట కాగితపు పీచు చిన్న పువ్వువలె విచ్చుకొని యున్నది. ఈ పువ్వును చూచియే నాబోటి పిచ్చివాడు, చిల్లు కర్మాగారములో యంత్రముతో పొడిచినదా, లేక నిన్నటి రాత్రి ఎవడో దబ్బనముతో పొడిచినదా అని నిర్ణయించుకొనును. ఆ సంగతికి మరల వచ్చెదను.

ద్వీపములనే యేల పట్టుకొంటివని చాలమంది అడుగుదురు. ద్వీపమునకును నోటునకును ఉన్న బంధము మిక్కిలి పాతది. థామస్ డి లా రూ అను నాతడు 1793లో గెర్న్‌సీ ద్వీపమున జన్మించి, లండను చేరి, మొదట గడ్డి టోపీలు చేసి, పిమ్మట పేకముక్కలు అచ్చువేసి పేరు గడించెను. ఆయన స్థాపించిన సంస్థ 1860లో తొలిసారిగా కరెన్సీ నోట్లను అచ్చువేసినది. అవియు మరియొక ద్వీపమునకే, మారిషస్‌నకు. పేకముక్కలు ముద్రించు చేతులతోనే నోట్లు గూడ ముద్రింపబడుటలో ఆశ్చర్యమేమియు లేదు. రెండును ఒకదానివలె మరియొకటి ఉండకున్నచో ఆట చెడును. నాటి నుండి బ్రిటిషు పాలనలోని ద్వీపములకు నోట్లు అచ్చువేయు పని ముఖ్యముగా మూడు సంస్థల చేతులలో నడచినది: డి లా రూ, బ్రాడ్‌బరీ విల్కిన్‌సన్, వాటర్‌లో. వీనిలో వాటర్‌లో 1961లోను, బ్రాడ్‌బరీ విల్కిన్‌సన్ 1986లోను డి లా రూలోనే కలిసిపోయినవి. తమకంటూ ముద్రణాలయము లేని చిన్న దీవులు తమ తొలి ముఖచిత్రమును దూరదేశపు చెక్కడపు పనివారిచేత గీయించుకొనవలసి వచ్చినది. ఆ పనివారిలో ఎందరు ఆ కొబ్బరిచెట్లను కన్నులార చూచియుందురో ఎవరు చెప్పగలరు?

కొబ్బరిచెట్లనగానే ఒక చిక్కైన విషయము స్ఫురించుచున్నది. సేషెల్స్ దీవులకై 1968లో వెలువడిన యాభై రూపాయల నోటుపై రాణిగారి శిరస్సునకు ప్రక్కనే తాటిజాతి చెట్ల ఆకులు కొన్ని చిత్రింపబడినవి. ఆ ఆకులు ఒకదానినొకటి పెనవేసికొన్న తీరును నోటును నిలువుగా త్రిప్పి చూచినచో మూడక్షరముల ఆంగ్లపదమొకటి స్పష్టముగా కనబడును. ఆ పదమును ఆకాశమార్గమున, అందును సకుటుంబముగా వినుచుండు వేళ, ఉచ్చరించుటకు నాకు నోరాడదు. అదే వరుసలోని పది రూపాయల నోటుపై తాబేలు కాళ్లక్రింద మరియొక తిట్టుమాట దాగియున్నదందురు. దానిని నేనును భూతద్దముతో చూచితిని, ఉన్నది. చిత్రకారుని చమత్కారమో, కాకతాళీయమో! ఏదియైనను ఆ యాభై రూపాయల నోటుకు నేడు సేకర్తలలో పలుకు వెల విని, సుభాషితములు అచ్చువేసిన నోటుకు ఇంత గిరాకి యుండునా అని నాకొక సందేహము.

ఇంతకంటె గంభీరమైనది రాణిగారి బొమ్మ చరిత్ర. నమూనాలను దేశమువారీగా కాక తేదీలవారీగా పేర్చి చూచునంతవరకు ఈ విచిత్రము నాకును తెలియలేదు. 1949లో భారతదేశము గణతంత్రమగుటకు నిశ్చయించుకొనియు కామన్వెల్తులో కొనసాగగోరినప్పుడు, లండను ప్రకటన అందుకు దారి తెరచినది. గణతంత్రమైనచో బొమ్మ పోవును, కిరీటము నంగీకరించినచో బొమ్మ యుండును అని మనము సులభముగా అనుకొందుము. నా బీరువా అట్లు చెప్పుటలేదు. సింహళమున 1950లో కేంద్రబ్యాంకు వెలసి, తొలుత ఆరవ జార్జి రాజు బొమ్మతోను, ఆ వెనుక ఎలిజబెత్ రాణి బొమ్మతోను నోట్లు విడుదల చేసినది. 1956లో రాణి బొమ్మను తొలగించి దేశపు రాజముద్రను నిలిపినది. ఆనాటికి సింహళము గణతంత్రము కాలేదు. 1972 వరకును రాణియే ఆ దేశమునకు అధినేత్రి. అనగా రాణి యుండగనే నోటు మీది నుండి రాణి దిగిపోయినది. ఫిజీ కథ దీనికి తలక్రిందులు. 1970లో స్వతంత్రమైన ఆ దేశము 1987లో సైనిక విప్లవముల పిమ్మట గణతంత్రమై కామన్వెల్తు నుండియే వైదొలగినది; 1997లో మరల చేరినది; కాని ఈ కోలాహలమంతటిలోను నోటుమీది రాణి మాత్రము చెక్కుచెదరక చిరునవ్వుతో 2012 వరకు అట్లే యుండి, 2013లో పూవులకును పక్షులకును చోటిచ్చినది. ఇంటివారు పేరు మార్చుకొనినను గుమ్మమునకు తగిలించిన పాత పలక పాతికేండ్లు వ్రేలాడినట్లున్నది. ఎందుచేత? చక్కని కారణములు చెప్పువారు కలరు. నాకు తోచినది మాత్రము, చిన్నదేశపు నోటును పరదేశీయుడు నమ్మవలెనన్నచో పరిచితమైన ముఖమొకటి అవసరమని పాలకులు తలచియుందురనియే.

ఫిజీతో మనకు చుట్టరికము గూడ కలదు. 1879 నుండి 1916 వరకు ‘గిర్మిటు’ అను ఒడంబడికపై చెరకుతోటలకు తీసికొనిపోబడిన భారతీయులలో, 1903 నుండి మద్రాసు రేవు మీదుగా వెడలినవారిలో తెనుగువారు అనేకులు. ఒడంబడికకు ఆంగ్లమున గల ‘అగ్రిమెంటు’ అను మాట ఆ కూలీల నోట నలిగి ‘గిర్మిటు’ అయినది. 1942లో, యుద్ధము పసిఫిక్ సముద్రము నిండ వ్యాపించి చిల్లర దొరకని దినములలో, ఫిజీ ప్రభుత్వము ఒక్క పెన్నీ విలువగల కాగితపు నోటును విడుదల చేసినది. అరచేతిలో ఇమిడిపోవు చిట్టి కాగితమది. అప్పటికి ఒడంబడికలు తీరి, సొంతముగ చెరకు పండించుకొనుచున్న తెనుగు రైతు ఒకడు బజారులో ఉప్పు కొని, చిల్లరగా ఆ కాగితమును పుచ్చుకొని త్రిప్పి త్రిప్పి చూచియుండునని తలచుకొన్నప్పుడెల్ల, చెలామణియైన పెన్నీ నోటు మీది మరకలకును కొంత విలువ కలదని నావంటి శుభ్రతావాది గూడ ఒప్పుకొనవలసి వచ్చుచున్నది.

యుద్ధకాలపు నోట్లలో మాల్టాదానికి సాటి లేదు. 1918లో రెండు షిల్లింగుల విలువతో అచ్చువేయించి విడుదల చేయక మూలబెట్టిన నోట్లను, 1940లో ద్వీపము ముట్టడిలో చిక్కుకొన్నప్పుడు వెలికిదీసి, వానిపై ‘ఒక షిల్లింగు’ అని పెద్ద అక్షరములతో పైముద్ర వేసి వాడుకలోనికి తెచ్చిరి. పైముద్ర విలువను సగము చేసినది. నమూనా నోటు మీది పైముద్రయో విలువను పూర్తిగా మాపివేయును. రెండును ఎఱ్ఱసిరాయే.

బహామా దీవులవారు 1966లో పౌనును విడిచి డాలరును స్వీకరించినప్పుడు మూడు డాలర్ల నోటొకటి వెలువరించిరి. మూడు డాలర్ల నోటేమిటని ఇతర దేశములవారు నవ్విరి. లెక్క తెలిసినవారు నవ్వలేదు: డాలరునకు ఏడు షిల్లింగులుగా మారకము నిర్ణయింపబడినది గనుక మూడు డాలర్లు ఇరువదియొక్క షిల్లింగులు, అనగా పాత పౌనునకు ఒక్క షిల్లింగు మాత్రమే ఎక్కువ. పౌనులకు అలవాటుపడిన చేతికి ఇది ఊతకఱ్ఱ. టోంగా రాజ్యమువారు 1967లో దశాంశ పద్ధతికి మారునప్పుడు తమ నాణ్యమునకు ‘డాలరు’ అని పేరుపెట్టుటకు ఇష్టపడలేదు. ఆ మాట వారి భాషలో ‘తోలా’ అగును. దానికి పంది ముట్టె అని అర్థమట. అందుచేత ‘పాంగా’ అని పేరుపెట్టుకొనిరి. పాంగా యనగా పెద్ద కాయలు కాయు ఒక అడవితీగ గింజ. గుండ్రముగ, నున్నగ, గోధుమవర్ణముతో పిల్లల ఆటలకు పనికివచ్చును. మన మన్యపు అడవులలో గిల్లతీగ అని పిలువబడునది ఆ కుటుంబములోనిదే. ఒక రాజ్యము తన ధనమునకు పిల్లలాడుకొను గింజ పేరు పెట్టుకొన్నదని వినిన నాటి నుండి ఆ నోట్లపై నాకొక ప్రత్యేకమైన ప్రీతి.

ఇక మోసములు. నమూనా నోట్ల వ్యాపారములో మోసము మిక్కిలి సులభము, ఏలయనగా ఇచట అసలు వస్తువే చెల్లని వస్తువు. ఒక పట్టణములో ఒక వర్తకుడు నాకొక ద్వీపపు పది రూపాయల నోటును ‘అపురూపమైన నమూనా’ యని చెప్పి, నా నెలజీతములో మూడవవంతునకు కట్టబెట్టెను. ఎఱ్ఱని అక్షరములున్నవి, చిల్లున్నది. క్రమసంఖ్య మాత్రము సున్నలు కాదు. కొన్ని నిజమైన నమూనాలపై గూడ మామూలు సంఖ్యలుండును గనుక నేను శంకింపలేదు. ఇంటికి తెచ్చి, దీపము క్రింద భూతద్దము పెట్టి చూడగా నోటు నడుమ సన్నని మడతగాడియొకటి కనబడినది. ఎఱ్ఱసిరా ఆ గాడిలోనికి దిగి, పీచు వెంబడి ఇరుప్రక్కలకు పారియున్నది. కర్మాగారములో ముద్రవేయునాటికి కాగితమునకు మడత యుండదు. అనగా ఈ నోటు ఎవరి జేబులోనో మడతపడి, నలిగి, కొన్నాళ్లు కాపురము చేసిన పిమ్మట దానికి రబ్బరు ముద్రతో సన్న్యాసము ఇప్పించినారు! చెల్లెడి నోటును చెల్లనిదిగా చేసి ఎక్కువ వెలకు అమ్మిన ఆ బుద్ధికుశలతకు కోపముతో పాటు కొంత మెచ్చుకోలు గూడ కలిగినదని చెప్పుటకు సిగ్గుపడుచున్నాను.

మోసము కానిది, నాకు రుచింపనిది మరియొకటి కలదు. 1970వ దశకము చివర అమెరికాలోని ఫ్రాంక్లిన్ మింట్ సంస్థ ఫిజీ, టోంగా, సొలొమన్ దీవులు, మాల్టా, జమైకా మొదలైన దేశముల నమూనా నోట్లను, క్రమసంఖ్యకు ముందు మాల్టా శిలువ గుర్తు నుంచి, సేకర్తలకై ప్రత్యేకముగా తయారుచేయించి అమ్మినది. చక్కని అచ్చు, చక్కని కాగితము, సులభమైన వెల. నా సేకరణ మొదలైనదియు వానితోనే. అయినను ఇవి ఏ గల్లాపెట్టె ప్రక్కనను కావలి కాయలేదు, ఏ దొంగనోటును పట్టియీయలేదు. సున్నల వరుసతో, చిల్లులతో, ఏ బ్యాంకువారి దస్త్రములోనో గుండుసూది త్రుప్పు మరకతో దొరకు పాత నమూనాను చూచునప్పుడు కలుగు గౌరవము వీనిపై నాకు కలుగదు. కొత్త సేకర్తలకు నేను చెప్పునది మాత్రము, వీనితోనే ఆరంభింపుడనియే. చేయి తిరుగునంతవరకు వెల తక్కువదానితో నేర్చుకొనుట మేలు. ప్లాస్టిక్కు సంచులను మాత్రము నమ్మకుడు. మా సముద్రతీరపు ఉక్కలో ఒక వర్షాకాలమంతయు మెత్తని ప్లాస్టిక్కు తొడుగులలో నుంచిన నా జమైకా నోట్లు రెండు తొడుగునకు అంటుకొని, ఊడదీయబోగా ఒకదానిపై రాణిగారి చెవిపోగు తొడుగుతో పాటు ఊడివచ్చినది.

చివరకు మారిషస్. ఎచట మొదలిడితినో అచటికే. కాకినాడకు సమీపమున గల కోరంగి రేవు నుండి ఓడలెక్కి పోయిన తెనుగువారిని ఆ ద్వీపమున ‘కోరింగీలు’ అని పిలిచిరి. ఆ ద్వీపమున 1877లో రూపాయి వ్యవహారములోనికి వచ్చినది; నాటి మన కూలివాడు సముద్రము దాటి పోయినను రూపాయిని మాత్రము దాటిపోలేదు. 1967లో మారిషస్ బ్యాంకు ఏర్పడి రాణిగారి బొమ్మతో నోట్లు వెలువరించినది. మరుసటి యేడు మార్చి 12న దేశము స్వతంత్రమైనది. ఆ పిమ్మట 1998లో క్రొత్త నోట్లపై ఆంగ్లము క్రింద ఉండవలసిన అరవమును హిందీకి దిగువకు దించినందుకు అచటి అరవవారు తీవ్రముగా ఆక్షేపింపగా, ఆ నోట్లను ఉపసంహరించి, మరుసటి యేట పాత వరుసలోనే మరల అచ్చువేయవలసి వచ్చినది. ఒక్క పంక్తి పైకో క్రిందికో జరిగినంత మాత్రమున ఒక దేశపు నోట్లన్నియు వెనుకకు పోయినవి. ఏ పంక్తిలోను తెలుగు మాత్రము లేదు.

కొన్నేండ్ల క్రిందట ఆ ద్వీపమున పుట్టిన తెనుగు పెద్దమనిషి యొకరు పూర్వికుల ఊరు వెదకికొనుచు మా ప్రాంతమునకు వచ్చి, మా యింట ఒక పూట భోజనము చేసిరి. ఆయన తెలుగు రామభజనలలో మాత్రము నిలిచిన తెలుగు. మిగిలినది సైగలతోను ఆంగ్లముతోను నడచినది. నేను మిక్కిలి గర్వముతో నా 1967 నాటి అయిదు రూపాయల నమూనాను, తెరచాప నావ బొమ్మ గలదానిని, ఆయన చేతిలో పెట్టితిని. ఆయన సున్నలను చూచి నవ్వి, ఇరువైపుల త్రిప్పి, పంక్తులన్నిటిమీద వ్రేలుపెట్టి వెదకి, “బాబుగారూ, మనది లేదు” అనిరి. పిమ్మట మన నూరు రూపాయల నోటును అడిగి పుచ్చుకొని, వెనుకవైపు భాషల వరుసలో ‘నూరు రూపాయలు’ అను అక్షరములను కూడబలుకుకొని రెండుసార్లు చదివిరి. వెళ్లునప్పుడు తన సంచిలో నుండి మాసిన మారిషస్ నోటొకదానిని తీసి, ఇది మీ పుస్తకములో పెట్టుకొనుడని నా చేతిలో ఉంచిరి. దానికి నాలుగు మడతలు, ఒక మూల చినుగు, నూనె మరక. ఎంత బరువు పెట్టి అదిమినను చదును కాలేదు. నమూనా ప్రక్కన దానిని పెట్టినచో ఆల్బము పుట సరిగా మూసికొనుటలేదు.